అమెరికాలో ఓటున్న తెలుగువాళ్లకి, తెలుగు సంఘాల పెద్దలకి బహిరంగ లేఖ

అమ్మలారా, అయ్యలారా, నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో టీచరుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. విజిటర్ వీసా మీద వచ్చి డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్లింట్లో ఉంటున్నా. ఈ ఇంట్లో అల్లుడు హెచ్-1బీ ఉద్యోగ వీసా, అమ్మాయి ఆయన భార్యగా వచ్చిన హెచ్-4, నేనూ మా ఆవిడా విజిటర్లం. అమెరికా పౌరుడంటే ఇక్కడే పుట్టిన మా మనవడొక్కడే, వాడికి తొమ్మిదేళ్లు. మా ఇంటికి ఓటు రావాలంటే 2034 దాకా ఆగాలి. మీకు ఇవాళే ఉంది, అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నా.

ఇలా అందరి ముందూ రాయాలని మొదట్లో అనుకోలేదు. దీపావళి ఫంక్షన్‌లో ఒక మూల చిన్న బల్ల వేసుకుని ఓటరు రిజిస్ట్రేషన్ కార్డులు పెట్టుకోనివ్వండి, స్టేజీ మీద ఐదు నిమిషాలు ఇవ్వండి అని దగ్గర్లో ఉన్న ఒక సంఘం కమిటీని అడిగా. "మాస్టారూ, మనది నాన్‌ప్రాఫిట్ అండి, పాలిటిక్స్ పెట్టకూడదు" అన్నారు. సరే రూల్ అలా ఉందేమో అనుకున్నా. అదే ఫంక్షన్‌లో ఆంధ్రా నుంచి వచ్చిన ఒక ఎమ్మెల్యే గారికి శాలువా కప్పి, పార్టీ పాట వేసి, ముప్పావుగంట మైకు ఇచ్చారు. తర్వాత మెయిల్ రాశా, జవాబు లేదు. వాట్సాప్ గ్రూపులో పెడితే అడ్మిన్ గారు తీసేశారు. వాళ్ల మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదు, మమ్మల్ని ఇంటికి పిలిచి కొసరి కొసరి వడ్డించిన మంచివాళ్లే. కానీ ఇది నా ఒక్కడి సంగతి కాదు కదా, అందుకే బయటికి రాస్తున్నా.

ఎవరికి ఓటెయ్యాలో నేను చెప్పను. నేను విదేశీయుణ్ణి, ఆ పని నాది కాదు. ఓటెయ్యండి, మీరుంటున్న ఊరి విషయాలు పట్టించుకోండి అని మాత్రం చెప్తా. సర్వీసంతా ఎలక్షన్ డ్యూటీలు చేసినవాణ్ణి, ముందురోజు మెటీరియల్ మోసుకుని ఏదో ఊరి బడికెళ్లి బెంచీల మీద పడుకుని, తెల్లారకముందే లేచి ఏజెంట్ల ముందు మాక్ పోల్ చేసి, సీళ్లు వేసి, రాత్రి రిసెప్షన్ సెంటర్‌లో పెట్టెలు అప్పజెప్పేదాకా అన్నం సహించదు. కూలి పోయినా పర్లేదని పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడ్డ ఆడవాళ్లని చూశా, ఇద్దరు మనవళ్లు చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చిన ముసలమ్మల వేలికి సిరా పెట్టించా. అది చూసిన కళ్లతో ఇక్కడ మన వాళ్లని చూస్తుంటే చాలా బాధేస్తోంది.

1. 2024 మే 13న ఆంధ్రాలో పోలింగ్ 81 శాతం దాటింది, మా జిల్లా దర్శిలో అయితే 90 దాటింది, కొన్నిచోట్ల అర్ధరాత్రి అయినా జనం లైన్లోనే ఉన్నారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉంచుకున్న పిల్లలు ఎంతోమంది ఇక్కణ్ణించి టికెట్లు కొనుక్కుని వచ్చి ఓటేసి వెళ్లారు, చట్టం వాళ్లకి ఆ హక్కు ఇచ్చింది, మంచి పని చేశారు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే ఇండియాలో ఓటు పోతుంది, విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఓటు రాదు, ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అలా అక్కడ ఓటు లేనివాళ్లే ఇక్కడ కార్ల ర్యాలీలు తీస్తున్నారు, జూన్ 4న రిజల్ట్స్ వస్తుంటే రాత్రంతా టీవీ ముందు కూర్చున్నారు, నాయకుల పుట్టినరోజులకి కేకులు కోస్తున్నారు, ఊళ్లో చుట్టాలకి ఫోన్లు చేసి ఫలానా గుర్తుకి వెయ్యమని పోరుతున్నారు. ఏ పార్టీ అభిమానులైనా ఇదే వరస, నేను ఒక పార్టీని అనట్లేదు. పుట్టిన ఊరి మీద ప్రేమ ఉండటాన్ని నేనెందుకు తప్పుపడతా, ఉండాలి కూడా.

మరి మొన్న 2025 నవంబర్ 4న టెక్సాస్ అంతటా ఎన్నిక జరిగింది కదండీ. రాష్ట్ర రాజ్యాంగానికి 17 సవరణలు బ్యాలెట్ మీద పెట్టారు. ముందస్తు ఓటింగ్ పన్నెండు రోజులు నడిచింది, ఎన్నిక రోజు వీలుకాదన్న మాటకి తావే లేదు. అయినా రిజిస్టరైన ఓటర్లలో నూటికి ఇరవైమంది కూడా కదల్లేదు. ఆ సవరణల్లో 13వది, సొంతింట్లో ఉండేవాళ్లకి స్కూల్ ట్యాక్సులో ఇచ్చే మినహాయింపుని లక్ష డాలర్ల నుంచి లక్షా నలభై వేలకి పెంచేది. మా వీధిలో మన వాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి, సాయంత్రం వాకింగ్‌లో కలిసినప్పుడు అందరూ ప్రాపర్టీ ట్యాక్స్ గురించే గోల పెడతారు, మరి దీనికి ఓటేశారా బాబూ అని అడిగితే "ఎలక్షన్ ఉందా అంకుల్?" అని నన్నే ఎదురడిగారు. వాళ్లు చదువు లేనివాళ్లు కాదు, ఇక్కడ ఎమ్మెస్ చేసి, పెద్ద కంపెనీల్లో డైరెక్టర్ల స్థాయిలో ఉన్నవాళ్లు. సవరణ నెగ్గింది, లాభం వాళ్లకీ అందుతుంది. నెగ్గించింది మాత్రం వేరేవాళ్లు.

2. మీ జీవితాన్ని రోజూ తాకేది వాషింగ్టన్ కంటే ఎక్కువ మీ ఊరే. ఇంటి పన్ను రేటు వేసేది స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్, మన జిల్లా లాంటి కౌంటీ వాళ్లు. పిల్లల బడి మూసేయాలా ఉంచాలా, లైబ్రరీలో ఏ పుస్తకాలుండాలి, గుడికి పార్కింగ్ పర్మిషన్ ఇవ్వాలా వద్దా, ఇంటి వెనక ఖాళీ జాగాలో అపార్ట్‌మెంట్లు రావాలా, అన్నీ వాళ్లే తేలుస్తారు. టెక్సాస్‌లో ఈ ఎన్నికలు ఎక్కువగా మే నెలలో శనివారం జరుగుతాయి, చాలా ఊళ్లలో నూటికి పదిమంది కూడా ఓటెయ్యరు. అంత తక్కువమంది వేసేచోట ఒక్క సబ్‌డివిజన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు కదిలినా ఫలితం మారిపోవచ్చు.

నేను ఒకసారి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి వెనక వరసలో కూర్చున్నా. మామూలు మనుషులు ముందే పేరు రాసిచ్చి వరసగా లేచి మాట్లాడుతున్నారు, ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, ఎదురుగా తెర మీద టైమ్ తగ్గుతూ కనబడుతుంటుంది. ఒక పెద్దాయన తన వీధిలో వాన నీళ్లు నిలిచిపోతున్న ఫొటోలు అట్ట మీద అంటించి తెచ్చాడు, మేయరుతో సహా అందరూ నోరు మెదపకుండా విన్నారు, ఆయన కూర్చున్నాక అధికారి ఒకాయన వెనక్కొచ్చి అడ్రస్ రాసుకెళ్లాడు. మన దగ్గర మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్‌లో దారిన పోయేవాడికి మైకు ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఈ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పెద్ద పెద్ద బిల్డింగులు కాదు, రోడ్లు కాదు. కానీ ఆ రోజు హాల్లో మన వాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. అదే వారం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో రోడ్డు సిగ్నల్ గురించి అరగంట తిట్టుకున్న వాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒక్కరు వచ్చి మూడు నిమిషాలు మాట్లాడితే ఎంత బావుండేది.

3. ఈ హక్కు మీకు ఊరికే రాలేదు. పోలింగ్ రోజు మా పక్కింటాయన ఓటెయ్యడానికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లా. పోలింగ్ పెట్టిన చోట తలుపుకి వంద అడుగుల దూరంలో చిన్న బోర్డు నాటారు, అది దాటి లోపల ప్రచారం చెయ్యకూడదు. మన దగ్గర వంద మీటర్ల దగ్గర ముగ్గుతో గీత గీయిస్తాం, అది గుర్తొచ్చి ఆ బోర్డు అవతలే నిలబడిపోయా. అక్కడ మడతకుర్చీలో ఒక నల్లజాతి పెద్దావిడ కరపత్రాలు పెట్టుకుని కూర్చుంది, ఎనభై దాటి ఉంటాయి. నాకు ఓటు లేదమ్మా అని చెప్తే, పర్లేదు కూర్చో అని పక్కన కుర్చీ చూపించింది. వాళ్ల నాన్న టెక్సాస్‌లో ఓటెయ్యడానికి పన్ను కట్టేవాడట, ఒకటిన్నర డాలరు, కొన్నిచోట్ల ఇంకో పావలా కలిపి. ఆ డబ్బు అప్పట్లో పత్తి ఏరే కూలివాడికి తక్కువేం కాదు. ఆ రసీదులు ఇంట్లో ఇంకా దాచుకున్నానని చెప్పింది. ఫెడరల్ ఎన్నికలకి ఆ పన్ను 1964లో పోయింది, రాష్ట్ర ఎన్నికలకి 1966 దాకా ఉంది.

మన సంగతి ఇంకా ఘోరం. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు ఇండియన్లకి పౌరసత్వం ఇవ్వడానికి వీల్లేదని తేల్చేసింది, అంతకుముందు ఇచ్చినవాళ్ల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణోదాస్ బగాయ్ గారు అలా పౌరసత్వం పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పాతికేళ్లు ఇక్కడ ల్యాబుల్లో పనిచేశారు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన ల్యాబులోనే వచ్చింది, క్యాన్సర్ పిల్లలకి ఇచ్చే మందుల మీద ఆయన చేసిన పని ఇవాళ్టికీ ఉపయోగపడుతోంది. అలాంటాయనకి 1946 దాకా ఇక్కడ పౌరసత్వం అడిగే హక్కే లేదు. ఆ ఏడాది చట్టం మారింది, అప్పుడైనా ఇండియా మొత్తానికి ఏడాదికి వందమందిని రానిచ్చారు, అంతే. 1948లో ఆయన పోయేనాటికి కూడా అమెరికా పౌరుడు కాదు.

తర్వాత తలుపు తెరిపించిందెవరు? 1965 మార్చి 7న అలబామాలో సెల్మా వంతెన మీద ఓటు కోసం నడిచిన నల్లజాతి వాళ్లని పోలీసులు లాఠీలతో కొట్టారు, ముందు నడిచిన జాన్ లూయిస్ గారి పుర్రె చిట్లింది. ఆ దెబ్బల తర్వాతే ఆగస్టులో ఓటింగ్ రైట్స్ యాక్ట్ వచ్చింది, అదే ఊపులో అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ చట్టం మారి, దేశాన్ని బట్టి, జాతిని బట్టి కోటా పెట్టే పద్ధతి పోయింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చిన దారి అది. ఆ మాట మన సంఘాల సావనీర్లలో, మన పిల్లలకి చెప్పే కథల్లో నాకెక్కడా కనబడలేదు. మన తెలివితేటలతోనే వచ్చాం అని మాత్రం చాలామంది చెప్పారు. ఆ పెద్దావిడ పక్కన కూర్చుని ఆ మాట తల్చుకుంటే నాకు సిగ్గేసింది.

4. షట్‌డౌన్ గురించి చెప్పాలి, మా కళ్లముందే జరిగింది. కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఖర్చులకి డబ్బు మంజూరు చెయ్యక 2025 అక్టోబర్ 1న మూతబడిన ఫెడరల్ ప్రభుత్వం నవంబర్ 12న గానీ తెరుచుకోలేదు, 43 రోజులు, ఈ దేశ చరిత్రలో అప్పటిదాకా అంత పొడుగు ఎప్పుడూ లేదు. ఇండియాలో బడ్జెట్ ఆలస్యమైతే కొన్నాళ్ల ఖర్చుకి ఓట్ ఆన్ అకౌంట్ పెడతారు, రాజ్యాంగంలో 116వ అధికరణంలోనే ఉంది, లోక్‌సభలో డబ్బు బిల్లు ఓడిపోతే ప్రభుత్వం దిగిపోవాలి, అంతేగానీ ఆఫీసులు మూసి గుమాస్తా జీతం ఆపరు. ఇక్కడ కూడా పూర్వం ఇలా లేదట, 1980లో అటార్నీ జనరల్ సివిలెట్టీ గారు పాత చట్టానికి ఇచ్చిన లీగల్ ఒపీనియన్ తర్వాతే డబ్బు మంజూరు కాకపోతే ఆఫీసులు మూసే పద్ధతి మొదలైంది.

ఆ రోజుల్లో ఎయిర్‌పోర్టులో సామాన్లు చెక్ చేసేవాళ్లూ, విమానాలకి దారి చూపించే కంట్రోలర్లూ జీతం లేకుండా డ్యూటీ చేశారు. మనుషులు చాలక నవంబర్ 7 నుంచి 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించారు, మన డల్లాస్ కూడా అందులో ఉంది. ఇంకా కష్టమైంది తిండి. ఈ దేశంలో దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది పేదవాళ్లు తిండికోసం ప్రభుత్వం డబ్బు వేసే స్నాప్ కార్డు మీద సరుకులు కొనుక్కుంటారు, మనిషికి రోజుకి సగటున ఆరు డాలర్లు. నవంబర్ 1న ఆ డబ్బులు కార్డుల్లో పడలేదు. కోర్టుల్లో కేసులు, ఒకరోజు ఇస్తామన్నారు, ఒకరోజు ఆగమన్నారు. మా అమ్మాయితో కలిసి ఫుడ్ బ్యాంకుకి బియ్యం, పప్పులు ఇవ్వడానికి వెళ్తే కార్ల వరస రోడ్డు మలుపు దాటి ఉంది, ఒక కారులో యూనిఫాం మీదున్న ఆవిడ, వెనక సీట్లో బూస్టర్ సీటు, అందులో నిద్రపోతున్న పిల్ల. ఉద్యోగం ఉండి, డ్యూటీకి వెళ్తూ, తిండికి లైన్లో నిలబడటం నా జీవితంలో చూడలేదు. ప్రభుత్వ ఉద్యోగులకి తర్వాత బకాయిలు ఇస్తారు, 2019లో చట్టం చేశారు. ఆఫీసులు ఊడ్చే కాంట్రాక్టు పనివాళ్లకి ఆ చట్టం వర్తించదు, వాళ్ల నెలన్నర జీతం పోయినట్టే. కాంగ్రెస్ సభ్యుల జీతం మాత్రం, ఏడాదికి 1,74,000 డాలర్లు, చట్టం ప్రకారం ఒక్క రోజు కూడా ఆగదు.

తప్పు ఏ పార్టీదో మీరు తేల్చుకోండి. నేను అడిగేది ఇంతే, ఆ 43 రోజుల్లో మీలో ఎంతమంది మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేశారు? అక్కడ ఫోన్ ఎత్తే కుర్రాళ్లు జిప్ కోడ్ అడిగి, ఏ విషయం మీద, అవునా కాదా అని రాసుకుంటారు, ఆ లెక్క సభ్యుడికి వెళ్తుంది. ఓటున్న మనిషి ఫోన్‌కే విలువ. ఇప్పుడు కుదిరిన ఒప్పందంలో చాలా శాఖలకి 2026 జనవరి 30 దాకానే డబ్బులున్నాయి. మళ్లీ అదే గండం ముందుంది.

5. ఓటు లేని తెలుగువాళ్ల భారం మీ మీద ఉంది. అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య అన్ని భాషల్లోకీ వేగంగా పెరిగింది తెలుగే, 86 శాతం పెరిగిందని లెక్క తీశారు. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మా అల్లుడిలాగే ఓటు లేదు. వాళ్లు ఫెడరల్ ట్యాక్స్ కడతారు, సోషల్ సెక్యూరిటీ కడతారు, ఇంటి పన్ను కడతారు, నోరెత్తాలంటే భయం.

ఈ సెప్టెంబర్ 19న అధ్యక్షుడి ప్రకటన ఒకటి వచ్చింది, కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలని. అందరికీనా, కొత్తవాళ్లకేనా అని తేలడానికి ఒకరోజు పట్టింది, ఆ ఒక్కరోజూ మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అల్లుడి స్నేహితుడు తండ్రి చావుకి ఊరెళ్లి ఉన్నాడు, దినవారాలు కాకుండానే టికెట్ మార్చుకుని బయల్దేరాడు. సభలో చర్చ లేదు, ఓటింగ్ లేదు. గ్రీన్‌కార్డ్ సంగతి చూడండి, ఉద్యోగాల కోటా ఏడాదికి 1,40,000, అందులో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి. దాన్ని మార్చే బిల్లు 2019లో దిగువ సభలో 365 ఓట్లతో నెగ్గింది, 65 మందే కాదన్నారు, సెనేట్ 2020 డిసెంబర్‌లో వేరే రూపంలో ఒప్పుకుంది, రెండూ కలవక ఆ బిల్లు అక్కడే ఆగిపోయింది. ఆ రోజుల్లో ప్రతి నియోజకవర్గంలోనూ వెయ్యిమంది ఓటర్లు గట్టిగా అడిగి ఉంటే ఏమయ్యేదో. ఇండియాలో పుట్టి పసితనంలో ఇక్కడికొచ్చిన పిల్లలు 21 దాటగానే తల్లిదండ్రుల లైన్లోంచి బయటపడిపోతున్నారు, స్టూడెంట్ వీసా తెచ్చుకో లేదా వెళ్లిపో అంటున్నారు. మా వీధిలోనే ఒక పాప ఉంది అలా, తెలుగు రాయడం రాదు, ఒంగోలు ఎప్పుడో సెలవులకి చూసింది, వచ్చే ఏడు తనకి 21.

ద్వేషం మాటలు కూడా పెరిగాయి. షుగర్‌ల్యాండ్‌లో చిన జీయర్ స్వామి గారు పెట్టించిన 90 అడుగుల హనుమంతుడి విగ్రహం మీద టెక్సాస్ నుంచి అమెరికా సెనేట్ సీటుకి అప్పట్లో పోటీలో ఉన్న ఒకాయన ఈ సెప్టెంబర్‌లోనే నోరు పారేసుకున్నాడు. ఫ్లోరిడాలో పామ్ బే అనే ఊళ్లో ఒక కౌన్సిల్ సభ్యుడు ఇండియన్లని పంపెయ్యాలని రాశాడు, తోటి సభ్యులే అతన్ని అభిశంసించారు. 2017లో కాన్సస్‌లో ఓలేత బారులో మన హైదరాబాద్ ఇంజనీరుని కాల్చి చంపినవాడు నా దేశంలోంచి పొండి అని అరిచాడు, ఆపడానికి లేచిన అమెరికన్ కుర్రాడికి కూడా తూటా తగిలింది. ఆ కుర్రాడికి మనవాళ్లతో చుట్టరికం ఏముంది చెప్పండి. హనుమంతుడి మీద ఆ మాటలు ఫార్వర్డ్ చేసుకుని కోపం తెచ్చుకున్నవాళ్లు మన గ్రూపుల్లో వందలమంది ఉన్నారు, అదే సీటుకి 2026 మార్చి 3న ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థుల్ని ఓటర్లు ఎంచుకునే ఎన్నిక, ఉందని ఒక్కరూ రాయలేదు.

6. నేను విన్న సాకులకి జవాబులు. కోర్టు కేసుల్లో కూర్చుని తీర్పు చెప్పే జ్యూరీ డ్యూటీ పడుతుందని రిజిస్టర్ చేసుకోలేదు అని చాలామంది చెప్పారు. టెక్సాస్‌లో జ్యూరీ పేర్లు డ్రైవింగ్ లైసెన్స్ లిస్టులోంచి కూడా తీస్తారు, కాబట్టి దాక్కున్నా లాభం లేదు, పైగా జ్యూరీలో కూర్చోవడం కూడా పౌరుడి పనే కదా. రెండు పార్టీలూ ఒకటే అన్నారు. అయితే ప్రైమరీలో మంచివాణ్ణి నిలబెట్టండి, ఇక్కడ ప్రైమరీలో రెండు పార్టీల్లో దేనిలోనైనా ఓటెయ్యొచ్చు, చాలా సీట్లు అక్కడే తేలిపోతాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు, పౌరసత్వం వచ్చినా ఓటు ఎలా వేస్తుంది అన్నారు ఒకరు. ఫెడరల్ చట్టం ప్రకారం చదవలేనివాళ్లు తమకి నచ్చిన మనిషిని సాయానికి లోపలికి తీసుకెళ్లొచ్చు, వాళ్ల యజమాని, యూనియన్ మనిషి కాకుంటే చాలు. కొడుకే పక్కన నిలబడి చదివి చెప్పొచ్చు.

మన వాళ్ల వల్ల ఏమవుతుంది అనేవాళ్లకి ఒక్క మాట. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు కౌంటీలో ఇంజనీరుగా పనిచేసి, అసెంబ్లీకి నెగ్గి, 2023 నుంచి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా, అంటే గవర్నరు తర్వాతి పదవిలో, ఉన్నారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ గారు మొన్న నవంబర్ 4నే వర్జీనియాలో అదే పదవికి నెగ్గారు.

ఇక నా కోరికలు. సంఘాల పెద్దలు ముందుగా వినాలి.

సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ పక్కన, గాలిపటాల పక్కన, ఎక్కడైనా సరే, ఓటరు రిజిస్ట్రేషన్ బల్ల ఒకటి వెయ్యండి. టెక్సాస్‌లో మార్చి 3 ప్రైమరీకి రిజిస్టర్ అవ్వడానికి ఫిబ్రవరి 2 ఆఖరు తేదీ, సంక్రాంతి సరిగ్గా దానికి ముందే వస్తోంది. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకునేటప్పుడు తప్ప ఆన్‌లైన్‌లో కొత్తగా రిజిస్టర్ అయ్యే వీల్లేదు, మిగతావాళ్లు కాగితం కార్డు నింపి సంతకం చెయ్యాల్సిందే, పేరు, అడ్రస్, పుట్టినరోజు, లైసెన్స్ నంబరు, రెండు నిమిషాల పని. కార్డులు నింపించి తీసుకోవాలంటే కౌంటీ దగ్గర వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్‌గా నమోదవ్వాలి, అది పౌరులే చెయ్యాలి, నేను చెయ్యలేను, మీరు చెయ్యగలరు. మిగతా రాష్ట్రాల వాళ్లు మీ తేదీలు చూసుకోండి, 2026 నవంబర్ 3న దిగువ సభలో 435 సీట్లకీ ఎన్నిక ఉంది.

నాన్‌ప్రాఫిట్ కాబట్టి కుదరదని ఇక చెప్పొద్దు. 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపున్న నాన్‌ప్రాఫిట్, ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు, నిజమే. పార్టీ పేరెత్తకుండా ఓటర్లని రిజిస్టర్ చేయించడానికీ, అందరు అభ్యర్థుల్నీ సమానంగా పిలిచి జనం చేత ప్రశ్నలు అడిగించడానికీ చట్టం ఒప్పుకుంటుంది. అనుమానముంటే మీ సంఘంలోనే లాయర్లున్నారు, అడగండి. ఇండియా నాయకుల్ని పిలిస్తే పిలవండి, కానీ వాళ్లకిచ్చే టైమ్‌లో సగం మీ స్కూల్ బోర్డు అభ్యర్థులకి ఇవ్వండి. మే 2న చాలా ఊళ్లలో ఎన్నికలున్నాయి.

పిల్లల తల్లిదండ్రులకి ఒక మనవి. టెక్సాస్‌లో పదహారేళ్లు నిండిన పౌరులైన విద్యార్థులు పోలింగ్ కేంద్రంలో స్టూడెంట్ క్లర్కుగా పనిచెయ్యొచ్చు, పెద్దవాళ్లు ఎలక్షన్ క్లర్కుగా చేరితే గంటల లెక్కన డబ్బు కూడా ఇస్తారు. స్పెల్లింగ్ బీకి, మ్యాథ్ పోటీలకి శనాదివారాలు తిప్పుతున్నారు కదా, ఒక్క పోలింగ్ రోజు అక్కడ కూర్చోబెట్టండి. బ్యాలెట్ ఎలా లెక్కపెడతారో, ఓటరు కాని మనిషికి కూడా ఎంత మర్యాదగా చెప్పి పంపాలో నేర్చుకుంటారు. నా సర్వీసులో చూశా, ఎలక్షన్ డ్యూటీ చేసిన కుర్ర టీచరు మళ్లీ ఓటు మానడు.

పౌరసత్వానికి అర్హత వచ్చి కూడా పౌరసత్వం దరఖాస్తు, ఫారం ఎన్-400, వెయ్యకుండా గ్రీన్‌కార్డు మీదే ఉండిపోయినవాళ్లు ఆలోచించుకోండి. 2025 అక్టోబర్ 20 నుంచి వేసినవాళ్లకి సివిక్స్ పరీక్ష పెద్దదైంది, 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. సంఘాలు శనివారం పూట దానికి క్లాసులు పెట్టొచ్చు, నేనున్నన్నాళ్లూ వచ్చి చెప్తా, ఆ ప్రశ్నలన్నీ చదివేశా.

జనవరి 30 లోపు ప్రతి ఓటరూ మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి, ఇద్దరు సెనేటర్ల ఆఫీసులకి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం మళ్లీ మూతపడకూడదని, తిండి కార్డులు ఆగకూడదని, 21 నిండిన పిల్లల్ని బయటికి నెట్టే పద్ధతి మార్చమని, మీకేది సబబు అనిపిస్తే అది, మీ మాటల్లో చెప్పండి.

మా దగ్గర్లోని ఆ సంఘం కమిటీ వారికి, పేరు రాయలేదు, మీకు తెలుసు. సంక్రాంతి ఫంక్షన్‌లో బల్లకి చోటు ఇస్తారో లేదో జనవరి మొదటి వారంలోగా చెప్పండి. నాకు విడిగా చెప్పక్కర్లేదు, నా మెసేజ్ తీసేసిన ఆ గ్రూపులోనే అందరికీ కనబడేలా చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు,
ప్రకాశం జిల్లా, ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సాస్
డిసెంబర్ 2025